చాచా తెచ్చిన అన్నం

మా అన్న నన్ను 'సగం' అని పిలిచేవాడు. అసలు పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు. అదేం పేరని ఎవరైనా అడిగితే, ఏ పనైనా సగంలో వదిలేయడంలో ఈ మేడ్చల్ మొత్తం మీద వీణ్ని మించినవాడు లేడని చెప్పి, ముందు తనే నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. కాని కాదనడానికి నా దగ్గర ఒక్క రుజువు కూడా లేదు. ఇంటర్ రెండో ఏడు పరీక్షలకు నెల ముందు మానేశాను. ఐటీఐలో ఫిట్టర్ కోర్సుకు ఎనిమిది నెలలు వెళ్లి మానేశాను. టెంట్‌హౌస్‌లో చేరాను, పెట్రోలు బంకులో చేరాను, ఒక ఫౌండ్రీలో చేరాను. అన్నిచోట్లా అదే కథ. ఆఖరికి నాకోసం చూసిన పెళ్లి సంబంధం కూడా మాటలన్నీ అయ్యాక నేనే వద్దన్నాను. 

అన్న నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నాయిన నాకు గుర్తే లేడు. అమ్మ నేను ఏడో తరగతిలో ఉండగా పోయింది. ఆ తర్వాత నన్ను పెంచింది అన్నా వదినే. వాళ్లకు పిల్లలు కలగలేదు. తొంభైల్లో మేడ్చల్ బస్టాండు వెనక అన్నకు కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. గంటకింత అని తీసుకుపోయేవాళ్లు. ప్రతి సైకిలు వెనక మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో నంబరు. అన్న దుకాణం గోడకు ఆనుకొని చాచా పంక్చర్ షాపు. చాచా మాకు చుట్టం కాదు. వాళ్లది శామీర్‌పేట దిక్కు ఊరు. తండ్రి కాలంలో మేడ్చల్ వచ్చి స్థిరపడ్డారు. అన్నా ఆయనా ఒకే గ్లాసులో చాయ్ సగం సగం తాగేవాళ్లు. నేను ఇద్దరి మధ్యా పెరిగాను.

నాకు ఈత నేర్పింది అన్నే, ఊరవతల ఒక వ్యవసాయ బావిలో. నడుముకు ఖాళీ డబ్బా కట్టి, మెట్ల మీద నుంచి ఒక్క తోపు తోశాడు. నీళ్లు మింగి పైకి తేలేసరికి ఒడ్డున కూర్చొని బీడీ ముట్టించుకుంటున్నాడు. ఆ రోజు వాడి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కాని వారం తిరిగేసరికి డబ్బా అక్కర్లేకుండా పోయింది. బావిలో నేర్చుకున్నవాడికి ఒక అలవాటు పడిపోతుంది. తల పైకెత్తి గుండ్రంగా తిరుగుతాడు. తిన్నగా ఈదడానికి బావిలో చోటు ఎక్కడిది?

రెండు వేలు దాటాక ఇంటింటికీ మోటారు సైకిళ్లు వచ్చాయి. కిరాయి సైకిళ్లు అడిగేవాడు లేడు. అవి తుప్పు పట్టాయి, తర్వాత పాత ఇనుముకు పోయాయి. అన్న రిపేరు పని మీదే నెట్టుకొచ్చాడు. నేను అల్వాల్‌లో గేర్ల సైకిళ్లు అమ్మే దుకాణంలో మెకానిక్‌గా చేరాను. చిత్రం ఏమిటంటే అక్కడ మానలేదు. ఆ సైకిళ్లను పట్టుకుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. కంప్యూటర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, డాక్టర్లు, మిలిటరీ అధికారులు వచ్చేవాళ్లు. వాళ్లే ఒక పోటీ గురించి మాట్లాడుకునేవాళ్లు. ముందు ఈత, ఈతలోంచి లేచి సైకిలు, సైకిలు దిగి పరుగు. మధ్యలో ఆగడం ఉండదు. ట్రయాథ్లాన్ అంటారు. ఈత వచ్చునా అని ఒకాయన అడిగితే వచ్చన్నాను. సైకిలు సంగతి అడగక్కర్లేదు. పరుగేముంది, కాళ్లున్నవాడెవడైనా పరుగెత్తుతాడు అనుకున్నాను. ఎంత పొగరో.

మొదటిసారి చిన్న దూరం పోటీలో పాల్గొన్నాను. గంటన్నరలో అయిపోయింది. అన్న, చాచా కలిసి ఆటోలో చూడ్డానికి వచ్చారు. తొడలకు అతుక్కుపోయిన నిక్కరులో నన్ను చూసి అన్న కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. చివరి గీత దాటి వచ్చి, ఇప్పుడేమంటావు, మొత్తం చేశాను కదా అన్నాను. గంటన్నరలో వదిలిపెట్టడానికి నీకు తీరిక ఎక్కడ దొరికింది, పెద్దది చెయ్యి చూద్దాం అన్నాడు. చాచా మాత్రం నా భుజం తట్టి శభాష్ అన్నాడు.

అన్నకు పట్టుదల కాదు, అది సరదా. నాకే అది మనసులో గట్టిగా పాతుకుపోయింది. పెద్దదంటే దాదాపు రెండు కిలోమీటర్ల ఈత, తొంభై కిలోమీటర్ల సైకిలు, ఆపైన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. మామూలు మనిషికి ఆరేడు గంటల పని. సంవత్సరం పాటు తయారవ్వాలి. ఆ సంవత్సరమే అన్నకు కిడ్నీలు పాడయ్యాయి.

మొదట కాళ్లు వాచాయి. మొహం ఉబ్బింది. షుగర్ ఉన్నట్టు కూడా అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శనివారం, నగరంలో ఆసుపత్రికి వెళ్లి యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకోవాలన్నారు. నేనే తీసుకెళ్లేవాణ్ని. వదినకు ఆసుపత్రి అంటే భయం. నాలుగు గంటలు అన్న ఆ మంచం మీద, నేను పక్కన స్టూలు మీద. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు చిన్న గ్లాసు చూపించి చెప్పాడు. బావి మీది నుంచి దూకి అడుగున మన్ను తీసుకొచ్చే మనిషి, గ్లాసులో నీళ్లు చూసుకుంటూ నాలుక తడుపుకొనేవాడు. నేను పొద్దున్నే పరుగెత్తి వచ్చి సీసా ఎత్తి గటగట తాగుతుంటే, నా గొంతు వైపే చూసేవాడు. ఆ తర్వాత నేను వాడి ముందు నీళ్లు తాగడం మానేశాను.

ఒకరోజు యంత్రం పక్కన కూర్చొని, ఈ పోటీ ఏమీ వద్దులే, నువ్వు కోలుకున్నాక చూద్దాం అన్నాను. అన్న కళ్లు మూసుకొనే ఉన్నాడు. ఆ కళ్లు తెరవకుండానే అన్నాడు: "ఏందిరా, మొదలు గాకముందే సగం జేస్తున్నవ్?" ఆ తర్వాత నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పోటీ ఆదివారం. శామీర్‌పేట చెరువు దాటాక ఒక రిసార్టులో. ముందురోజు, అంటే శనివారం మధ్యాహ్నం, పోటీలో పాల్గొనేవాళ్లంతా అక్కడికి వచ్చి నంబరు తీసుకోవాలి, సైకిలు చూపించాలి, నియమాలు వినాలి. రాకపోతే పాల్గొననివ్వరు. శనివారం అన్న యంత్రం మీదికి వెళ్లాల్సిన రోజు. పొద్దున్నే వెళ్లినా సాయంత్రం అవుతుంది తిరిగొచ్చేసరికి. నేను శుక్రవారం నుంచే మథనపడుతున్నాను. అన్నే తేల్చేశాడు. సోమవారం పోదాంలే, రెండు రోజుల్లో ఏం కొంప మునగదు, నీ కాళ్లకు రేపటికి విశ్రాంతి కావాలి అన్నాడు. వదిన ఒప్పుకోలేదు. తనే ఎవర్నైనా తోడు తీసుకొని వెళ్తానంది. అన్న విసుక్కున్నాడు. వాడు లేకుండా నేను పోను, నాకు వాడే కావాలన్నాడు. ఆ మాట నాకు ఎంతో గర్వంగా ఉండింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నేను గట్టిగా కాదనలేదు. గట్టిగా అని ఉంటే వెళ్లేవాడు.

ఆదివారం తెల్లవారక ముందే బయలుదేరుతూ వాడి మంచం దగ్గర నిలబడ్డాను. మెలకువగానే ఉన్నాడు. మూడు దిండ్లు ఎత్తుగా పెట్టుకొని ఆనుకొని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు, ఏం కాదు పో అన్నాడు. ఆ మాటకు నేను ఆగిపోవలసింది. యంత్రం పక్కన అన్ని నెలలు కూర్చున్నవాణ్ని, ఊపిరి ఆడటం లేదంటే అర్థమేమిటో తెలిసినవాణ్ని.

"గిదన్న మొత్తం జేసి రా," అన్నాడు. "సగంల తిరిగొస్తే ఇంట్లకు రానియ్య."

నవ్వుతూనే అన్నాడు. నేను కూడా నవ్వాను.

ఈత గురించి చెప్పుకోదగింది పెద్దగా లేదు. చెరువులో దిగడానికి అనుమతి దొరక్క, రిసార్టు ఈతకొలనులోనే పెట్టారు. ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్లీ ఈ చివరికి, డెబ్బై సార్లకు పైనే. ఎంత నేర్చుకున్నా నా తల మాటిమాటికీ పైకి లేచేది, నేను ఎడమవైపుకు వంకర పోయేవాణ్ని. పక్క వరసలో ఈదుతున్న, మా దుకాణానికి వచ్చే డాక్టరుగారికి నా చేయి రెండుసార్లు తగిలింది.  బయటికి వచ్చేసరికి నా వెనక ఉన్నవాళ్లు నలుగురే. అయినా లెక్కచేయలేదు. సైకిలు నాది.

కరీంనగర్ రోడ్డు మీద సైకిలు. ఒక కొస తూంకుంట దగ్గర మలుపు, రెండో కొస శామీర్‌పేట దాటి చాలా దూరం. అటూ ఇటూ తిరుగుతూ తొంభై కిలోమీటర్లు నింపాలి. తూంకుంట దగ్గరికి వచ్చినప్పుడల్లా జవహర్‌నగర్ చెత్త వాసన గాలిలో వచ్చి ముక్కులు పగలగొట్టేది. నగరం నుంచి వచ్చినవాళ్లు మొహాలు చిట్లించుకున్నారు. నాకు అలవాటే. ఇసుక లారీలు, ఆర్టీసీ బస్సులు పక్క నుంచి దూసుకుపోతున్నాయి. నేను ఒక్కొక్కణ్నే దాటుకుంటూ వెళ్లాను. ఈతలో నన్ను దాటినవాళ్లలో సగం మందిని వెనక్కి నెట్టాను. దుకాణానికి వచ్చి నాతో గొలుసుకు నూనె పెట్టించుకొనే ఒక పెద్దమనిషిని దాటుతూ సలాం కొట్టాను కూడా. ఆ మూడున్నర గంటల్లో నేను పడ్డ సంతోషం అంతా ఇంతా కాదు. ఇంటికి వెళ్లి అన్నకు ఒక్కొక్కటీ చెప్పాలనుకుంటూ తొక్కాను.

పదిన్నర ప్రాంతంలో సైకిలు దిగే చోటికి వచ్చాను. అక్కడ కమ్మీలకు సైకిలు తగిలించి, బూట్లు మార్చుకొని పరుగుకు వెళ్లాలి. తాడు కట్టిన గీత అవతల చాచా నిలబడి ఉన్నాడు.

ముందు సంతోషం వేసింది, చూడ్డానికి వచ్చాడని. ఆ తర్వాత పక్కన అన్న లేడని గమనించాను. చాచా చేతిలో తువ్వాలు చుట్టిన మా ఇంటి స్టీలు డబ్బా ఉంది. స్కూటరు మీద వచ్చినట్టుంది. గడ్డం నిండా దుమ్ము. నేను దగ్గరికి వెళ్లగానే తాడు మీది నుంచి డబ్బా నా వైపు చాచాడు.

"బేటా, మీ అన్న పిలుస్తుండు," అన్నాడు. "ముందుగాల ఇంత తిను. తిన్నంక జల్దీ పోదం."

ఆ డబ్బాకు నేను చేయి చాచలేదు.

ఎందుకో చెప్పాలి. మా దగ్గర చావు కబురు ఎవరూ చావు కబురుగా చెప్పరు. మనిషి పోయాడని తెలిస్తే ఉన్నచోటే కూలబడతారని, దారిలో ఏమైనా అవుతుందని భయం. పిలుస్తున్నారు రమ్మంటారు, బాగా లేదు ఒకసారి చూసిపో అంటారు. ఇంకొకటి, ముందు తినబెడతారు. ఎందుకంటే శవం ఇంట్లో ఉన్నంతసేపు ఎవరూ మెతుకు ముట్టరు. అది మర్నాటిదాకా కావచ్చు. అందుకని కబురు తెచ్చినవాడు ముందు కడుపు నింపి, ఆ తర్వాత తీసుకెళ్తాడు. హిందువులైనా ముస్లింలైనా మా దగ్గర ఇంతే.

ఏడో తరగతిలో ఉండగా నన్ను బడి నుంచి తీసుకెళ్లడానికి వచ్చింది ఈ చాచానే. సారుతో ఏదో చెప్పి బయటికి తీసుకొచ్చాడు. మీ అమ్మ పిలుస్తున్నది, పా అన్నాడు. ఇంటికి తిన్నగా తీసుకెళ్లలేదు. బస్టాండు దగ్గర హోటల్లో కూర్చోబెట్టి నాలుగు పూరీలు తెప్పించాడు. నాకు పూరీలంటే ప్రాణం. ఆబగా తిన్నాను. ఇంకో రెండు కావాలని కూడా అడిగాను, తెప్పించాడు. ఆయన మాత్రం తినకుండా నన్నే చూస్తూ కూర్చున్నాడు. వీధి మలుపు తిరిగేసరికి మా ఇంటి ముందు జనం. అమ్మ పొద్దున్నే పోయిందట. నోట్లో పూరీ రుచి ఇంకా ఉండగానే అమ్మను చూశాను. అప్పటి నుంచి ఈ రోజు వరకు నేను పూరీ తినలేదు.

అదే మనిషి. అవే మాటలు. చేతిలో తిండి.

అన్న పోయాడని నాకు ఆ క్షణంలో ఎంత గట్టిగా తెలిసిందంటే, అడగాలని కూడా అనిపించలేదు. అడిగితే చాచా అబద్ధం చెబుతాడు, లేదా నిజం చెబుతాడు. రెండూ నాకు వద్దు. తువ్వాలు కప్పని డబ్బా అంచును వేళ్లతో వెనక్కి నెట్టాను. నీలం టీషర్టు వేసుకున్న నిర్వాహకుడొకడు వచ్చి, బయటివాళ్లు తిండి ఇవ్వకూడదు, నియమం ఒప్పుకోదు అంటున్నాడు. చాచా వాడికి ఏదో చెప్పబోతున్నాడు. నేను బూట్లు తొడుక్కున్నాను. పొద్దున అన్న చెప్పిన మాట తప్ప నా చెవిలో ఇంకేమీ లేదు. వాడు నన్ను అడిగిన ఆఖరి కోరిక అది. ఇప్పుడు ఉరుక్కుంటూ వెళ్లి చేసేదేముంది? శవం ఎక్కడికి పోతుంది? సగంలో వెళ్లి ఏ మొహంతో వాడి ముందు నిలబడాలి?

"నువ్వు పో చాచా," అన్నాను. "ఇది ఐపోగొట్టుకొని వస్త."

ఆయన నోరు తెరిచి ఏదో అనేలోపే పరుగెత్తాను.

పరుగు లాల్‌గడి మలక్‌పేట్ వెళ్లే రోడ్డు మీద. మూడు చుట్లు. ఒక్కో చుట్టు ఏడు కిలోమీటర్లు. ప్రతి చుట్టుకూ రిసార్టు గేటు ముందు నుంచే పోవాలి. మొదటి చుట్టు ఏడుస్తూ పరుగెత్తాను. చెమటలో కన్నీళ్లు ఎవరికీ కనిపించవని పరుగుపందేల వాళ్లు చెప్పుకుంటారు గాని, అది ఉత్తదే. నీళ్ల టేబుల్ దగ్గర నిలబడ్డ ఒక అమ్మాయి నన్ను చూసి భయపడి, అన్నా, ఆపేస్తారా, వైద్యుణ్ని పిలవనా అంది. తల అడ్డంగా ఊపి నీళ్లు తీసుకున్నాను. గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే అన్న గుర్తొచ్చాడు. వాడికి ఇక నీళ్లకు అడ్డు చెప్పేవాడు లేడని అనుకున్నాను. ఆ నీళ్లు నెత్తిన పోసుకొని మళ్లీ పరుగెత్తాను.

మొదటి చుట్టు పూర్తయి గేటు దగ్గరికి వచ్చేసరికి చాచా ఇంకా అక్కడే ఉన్నాడు. స్కూటరు స్టాండు వేసి, దాని నీడలో గొంతుకూర్చున్నాడు, డబ్బా ఒళ్లో పెట్టుకొని. నన్ను చూసి లేచి చేయి ఊపాడు. నేను కూడా చేయి ఊపి ముందుకెళ్లాను.

రెండో చుట్టులో పిక్కలు పట్టేశాయి. ఎండ మాడ్చేస్తోంది. రోడ్డు పక్కన ఎవరిదో కొత్త వెంచర్; రాళ్లు పాతిన ఖాళీ ప్లాట్లు, ఒక్క చెట్టు లేదు. నడుస్తూ, పరుగెత్తుతూ, మళ్లీ నడుస్తూ పోయాను. అక్కడ, ఆ ప్లాట్ల దగ్గర, ఒక అనుమానం వచ్చింది. నిజంగానే పిలుస్తున్నాడేమో. నిజంగానే బతికి ఉండి పిలుస్తున్నాడేమో. ఆ అనుమానాన్ని నేను ఎంతసేపు మనసులో ఉండనిచ్చానో కచ్చితంగా చెప్పలేను. వంద అడుగులు కావచ్చు. ఆ తర్వాత చాచా ఆనాడు హోటల్లో కూర్చున్న తీరు గుర్తు చేసుకున్నాను, అనుమానాన్ని తోసేశాను. ఇన్నేళ్లుగా నన్ను తినేస్తున్నది ఆ వంద అడుగులే. అన్న పోయాడని నిజంగా నమ్మే తోసేశానా, లేక ఇంకో పది కిలోమీటర్లే మిగిలిందని తోసేశానా? ఒక్కోరోజు ఒక్కో జవాబు చెప్పుకుంటాను.

రెండో చుట్టు చివర చాచా రోడ్డు మీదికే వచ్చి నిలబడ్డాడు. ఇంకెంతసేపు బేటా, మీ అన్న నీ కోసం సూస్తుండు అన్నాడు. అయిపోవచ్చింది చాచా అన్నాను. ఆయన మొహం చూడలేదు. పక్కనుంచి పోతుంటే నా చేయి పట్టుకోబోయాడు. చెమటకు జారిపోయింది. అరవై దాటిన మనిషి, నా వెంట నాలుగడుగులు ఉరికి ఆగిపోయాడు.

మూడో చుట్టు తిరిగి వచ్చేసరికి స్కూటరు లేదు. చాచా లేడు. దహనం ఏర్పాట్లు చూడ్డానికి వెళ్లి ఉంటాడనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు తేలికగా అనిపించింది, ఇక ఎవరి మొహం నుంచీ తప్పించుకోనక్కర్లేదని. గీత దాటాను. మెడలో పతకం వేశారు. దుకాణానికి వచ్చే పెద్దమనుషులంతా చుట్టూ చేరి వీపు తట్టారు. ఎంత సమయం పట్టిందో బోర్డు మీద వేశారు, నేను చూడలేదు. మా అన్న పోయాడు, ఇంటికి వెళ్లాలి అన్నాను.  పొద్దున నా చేయి రెండుసార్లు తగిలిన డాక్టరుగారే కారు తీశాడు. దారిలో ఆయన, మీ అన్న ఎప్పుడు పోయారని అడిగితే, పొద్దున్నే అన్నాను.

మేడ్చల్‌లో మా గల్లీ మొదట్లో కారు దిగాను. ఇంటి ముందు జనం, ప్లాస్టిక్ కుర్చీలు దించుతున్నారు. నేను అనుకున్నట్టే ఉంది అంతా. పతకం తీసి జేబులో పెట్టుకొని లోపలికి వెళ్లాను. అన్నను నేల మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. వదిన గోడకు ఆనుకొని కూర్చుంది. అన్న కాళ్ల మీద పడ్డాను. ఎంత ఏడ్చానో తెలియదు. తల ఎత్తేసరికి వదిన నా వైపే చూస్తోంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

"ఇప్పుడొస్తివా బిడ్డా," అంది.

"పొద్దుగాలనే పాయె గద వదినా. ఉరికొచ్చి మాత్రం ఏం జేద్దునని..."

ఆమె నన్ను అర్థం కానట్టు చూసింది.

"పొద్దుగాలేంది? పన్నెండున్నర దాక మాట్లాడిండు."

ఆ తర్వాత ఆమె చెప్పింది నేను ముక్కలు ముక్కలుగా విన్నాను. తొమ్మిదింటికి ఊపిరి మరీ కష్టమైందట. ఆటో పిలుస్తాను, ఆసుపత్రికి పోదామని వదిన కాళ్లావేళ్లా పడిందట. వాడు వచ్చాక వానితోనే పోతానన్నాడట. వాడికైతే ఆ డాక్టర్లందరూ తెలుసు, ఏం చెప్పాలో తెలుసు అన్నాడట. చాచాను పిలిచి నన్ను తీసుకురమ్మన్నాడు. పదకొండయింది, పన్నెండయింది. రోడ్డు మీద బండి చప్పుడైనప్పుడల్లా వాడే, వాడే అన్నాడట. పన్నెండు దాటాక చుట్టుపక్కలవాళ్లు బలవంతంగా ఆటోలోకి ఎక్కించారు. రైల్వే గేటు వేసి ఉంది. గేటు దగ్గరే పోయాడు. అప్పుడు వదిన చాచాకు ఫోన్ చేయించింది.

చాచా గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా విన్నాడు. ఆయన దగ్గరికి వెళ్లాను. బడి దగ్గరి రోజు గురించి, పూరీల గురించి, ఆయనను చూడగానే నేను ఏమనుకున్నానో అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన మీద కోపంగా చెప్పాను, ఎంత పాపిష్టివాణ్నో. తప్పు ఆయనదే అయినట్టు.  చాచా తువ్వాలుతో గడ్డం తుడుచుకున్నాడు.

"గా దినం నీకు ఝూటా మాట జెప్పిన, నా ఎంబడి వస్తివి," అన్నాడు. "ఇయ్యాల నిజమే జెప్పిన బేటా."

అంతే అన్నాడు. ఆయన మరో నాలుగేళ్లు బతికాడు, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

సాయంత్రం ఐదింటికి తీసుకెళ్లాలని నిర్ణయించారు. నేను అన్న పక్కన కూర్చొని ఉండగా నా కళ్లు తిరిగాయి. తెల్లవారక ముందు తిన్న రెండు అరటిపండ్లు తప్ప కడుపులో ఏమీ లేదు. గోడకు ఒరిగిపోతుంటే వదిన చూసింది. లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి, చాచా స్కూటరుకు తగిలించి ఉన్న సంచిలోంచి ఆ స్టీలు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మూత తీసింది. అన్నం, పప్పు, పక్కన మామిడికాయ తొక్కు.

శవం ముందు తిండేమిటని ఒక ముసలామె అంది. ఇంకెవరో ఔనన్నారు. వదిన వాళ్ల వైపు తిరగలేదు.

"ఆయననే తినవెట్టుమన్నడు," అంది. "పొద్దుగాలకెల్లి వాడు ఏం తినకుంట ఉర్కుతుంటడు, ముందు ఇంత తినవెట్టి తోల్కరా అని చాచాకు ఒకటికి రెండు సార్లు జెప్పిండు. నాతోని కూసోబెట్టి వండించిండు. తిననియ్యిండ్రి."

 నేను అన్న కాళ్ల దగ్గర కూర్చొని చేయి డబ్బాలో పెట్టాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వదిన నీళ్ల గ్లాసు అందించింది. రెండో ముద్ద కలిపాను. అప్పుడు నాకు తట్టింది. చావు ఇంట్లో పొయ్యి ముట్టించరు. అమ్మ పోయిననాడు ముట్టించలేదు, ఈ రోజు కూడా పన్నెండున్నర తర్వాత ముట్టించలేదు. ఎవరూ చెప్పక్కర్లేని సంగతి అది, పసిపిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడు అన్నం చల్లగా, గట్టిపడి ఉంది. పొద్దున చాచా తాడు మీది నుంచి అందిస్తే నేను వేళ్లతో వెనక్కి నెట్టినప్పుడు ఆ డబ్బా వేడిగా ఉంది. వేళ్లు చురుక్కుమన్నాయి. వేడిగా ఉందని నాకు అప్పుడే తెలుసు.